స్కిజోఫ్రీనియా: మఱుగున బడిన లక్షణము

మన యిండ్లలో "మతి చెడినది" అన్న మాట వినబడగనే మనకు దోచునవి కేకలు, పిచ్చిచూపులు, తనలో దాను మాటలాడుకొనుట, లేనివారెవ్వరో తన్ను బిలుచుచున్నారని చెప్పుట. ఈ లక్షణములు పదిమంది కంట బడును. ఇరుగుపొరుగువారు చెప్పుకొందురు. రోగిని వైద్యునికడకు గొనిపోవుటకును దఱచుగా నివియే కారణములగును. కాని స్కిజోఫ్రీనియా యను వ్యాధిలో నింకొక నష్టము కలదు. అది చప్పుడు చేయదు. నిన్నటివఱకు పాఠము లొప్పజెప్పిన విద్యార్థి నేడొక పుట చదివి, చివరకు వచ్చునప్పటికి మొదలు మఱచిపోవును. అంగడినుండి మూడు వస్తువులు తెమ్మన్న నొక్కటి తెచ్చును. పొయ్యిమీద బాలు పెట్టి మఱియొక పనికి లేచిన యిల్లాలికి బాలమాట తిరిగి తోచదు. నలుగురు కూర్చుండి మాటలాడుచున్నచోట నెవరి మాట కెవరు బదులు చెప్పిరో పోల్చుకొనలేక రోగి మెల్లగా లేచిపోవును. మందులచేత కేకలు, భ్రమలు అణగిన పిమ్మట గూడ నీ నష్టము నిలిచియుండును. అప్పుడింటివారు "రోగము కుదిరినది, ఇక మిగిలినది సోమరితనమే" యని తీర్పు చెప్పుదురు.

ఈ తీర్పు తప్పని మేము చెప్పుట జాలిచేత మాత్రమే కాదు. నూఱేండ్లకు మించిన శోధన దీనిని దప్పని చూపినది. ఆ శోధన చరిత్రము తిన్నగా సాగినది కాదు. మొదటనే కంటబడిన లక్షణ మొకటి మధ్యలో మఱుగునబడి, చాలకాలమునకు మెదడులోని నాడీమార్గముల రూపమున దిరిగి బయటపడినది. ఆ కథను మా చదువరుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క పని. ప్రపంచమున సుమారు 300 మందిలో నొకరికి నీ వ్యాధి గలదని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. కావున నిది యెవరో కొందఱి గొడవ కాదు.

జర్మనీదేశీయుడగు ఎమిల్ క్రెపెలిన్ 1856లో జన్మించెను. ఆయన వైద్యుడు, కాని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ పండితుని ప్రయోగశాలలో మనోవ్యాపారములను గొలుచు పద్ధతులను గూడ నేర్చినవాడు. అంకెలను వరుసగా గూడుమని చెప్పి, కాలమును లెక్కించి, అలసట యెంత, అభ్యాసమువలన గలుగు లాభమెంత యని పరీక్షించుట ఆయనకు బ్రియమైన పని. హైడెల్‌బర్గ్ నగరమున నాచార్యుడుగా నున్నప్పుడు ప్రతి రోగికి నొక కాగితము పెట్టి, రోగము మొదలైన విధము, నడచిన విధము, తుద కేమైనదియు వ్రాసియుంచుచు వచ్చెను. ఆ కాగితములనుండి పుట్టినదే ఆయన సిద్ధాంతము. 1893లో వెలువడిన తన గ్రంథపు నాలుగవ కూర్పున "డిమెన్షియా ప్రీకాక్స్" అను పేరు వాడెను. 1899 నాటి యాఱవ కూర్పున దానిని ఉద్రేకవిషాదములు మార్చి మార్చి వచ్చు నున్మాదమునుండి స్పష్టముగా వేఱుచేసెను. ఆ పేరునకు మన భాషలో "అకాల బుద్ధిక్షయము" అని యర్థము చెప్పవచ్చును.

ఈ పేరునందు రెండు సంగతులు కలవు. ఒకటి సత్యము: ఈ వ్యాధిలో ముఖ్యముగా జెడునవి బుద్ధియు, సంకల్పమునని ఆయన గ్రహించెను. భ్రమలు వచ్చును, పోవును. పని నిలుకడగా జేయు శక్తి తఱిగిపోవుటయే నిలుచునది. రెండవది మాత్రము కీడు. "క్షయము" అన్న మాట యొక శాపమువలె రోగులను బట్టుకొన్నది. నానాటికి దిగజాఱుటయే గాని తిరుగుట లేదనియు, చికిత్స వ్యర్థమనియు లోకము నమ్మినది.

స్విట్జర్లాండులోని జూరిక్ నగరమున బుర్గ్‌హోల్జ్లి యాసుపత్రికి బెద్దయైన యూజెన్ బ్లాయిలర్ ఈ పేరును నిరాకరించెను. రోగులలో నందఱును దిగజాఱుటలేదు. అందఱికిని జిన్నతనముననే రోగము వచ్చుటలేదు. అట్లగుట నా పేరున రెండు పదములును సరిపడవు. 1908 ఏప్రిలులో బెర్లిన్ సభయందు ఆయన "స్కిజోఫ్రీనియా" యను క్రొత్త పేరు ప్రతిపాదించి, 1911లో గ్రంథము ప్రకటించెను. గ్రీకుభాషలో "చీలుట", "మనస్సు" అను రెండు మాటల కూడిక యది. తలపునకు దలపునకు నుండవలసిన ముడి సడలుటయే యీ వ్యాధికి మూలమనియు, వినబడు ధ్వనులు, భ్రమలు దానిమీద వచ్చి చేరునవనియు నాయన మతము. పేరు వినినవారు మాత్రము దీనిని "ఒక్క దేహమున నిద్దఱు మనుష్యులు" అని యపార్థము చేసికొనిరి. ఆ పొరపాటు నేటికిని వదలలేదు. జపాను దేశమువారు 2002లో దమ భాషయందలి "మనశ్చీలిక" యను పేరును దీసివైచి, "సమన్వయము తప్పుట" యను నర్థము గల వేఱు పేరు పెట్టుకొనిరి. పేరొక చిన్న సంగతియని తోచవచ్చును. కాని రోగికి నది నుదుటి వ్రాత యగును.

పేరు సరే, మెదడులో జెడిన చోటెక్కడ? క్రెపెలిన్‌కడ బనిచేసిన అలోయిస్ ఆల్‌జైమర్ సూక్ష్మదర్శినితో మెదడులను శోధించుటయందు మిక్కిలి నేర్పరి. వార్ధక్యమున స్మృతిని హరించు వ్యాధియొక్క గుఱుతులను ఆయన 1906లో జూపగలిగెను; ఆ వ్యాధికి నాయన పేరే నిలిచినది. కాని స్కిజోఫ్రీనియా రోగుల మెదడులలో నట్లు స్పష్టముగా నిది యని వేలుపెట్టి చూపదగిన గుఱుతు దొరకలేదు. పిమ్మట వచ్చినవా రెందఱో వెదకి విసిగిరి. దొరకకపోవుటచేత గొందఱు "మెదడున దోషమేమియు లేదు, పెంపకమే దోషము" అనిరి. తల్లుల నిందించిన కాలమొకటి గడచినది. రోగి బాధకు దోడు తల్లికి నపరాధభారము గూడ గలిగినది.

ఇంతలో నమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున నొక ముఖ్యమైన ప్రయోగము జరిగెను. కార్లైల్ జేకబ్‌సన్ యను శోధకుడు కోతులయెదుట రెండు గిన్నెలలో నొకదానిక్రింద దినుబండము దాచి, నడుమ దెర దించి, కొన్ని క్షణములైన పిమ్మట దెర తీసి వెదకుకొననిచ్చెను. ఆరోగ్యముగల కోతికి నిది సులువు. మెదడు ముందుభాగము తీసివేయబడిన కోతి మాత్రము తెర దిగగనే యా చోటు మఱచిపోవును. కన్ను చెడలేదు, చేయి చెడలేదు, ఆకలి చెడలేదు. చెడిన దొక్కటే: కంటియెదుట లేనిదానిని గొన్ని క్షణములు మనస్సున నిలుపుకొను శక్తి.

ఈ ఫలితము 1935లో లండను నగరపు సభలో జదువబడెను. బుద్ధి యెక్కడ, ఎట్లు నిలుచుచున్నదో చెప్పు తాళపుచెవి యది. కాని ఆ సభలోనే ఆపరేషనుచేత శాంతించిన యొక చింపాంజీ కథయు వినవచ్చెను. లోకము చెవి కెక్కినది యా శాంతి కథయే. పోర్చుగల్ దేశపు ఎగాస్ మోనిజ్ ఆ సభలో నుండెను. ఆ సంవత్సరమే నవంబరులో నాయన లిస్బను నగరమున మనుష్యుల మెదడు ముందుభాగపు నాడీతంతువులను దెంపించుట కారంభించెను. 1949లో నాయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. ఐరోపా, అమెరికాలలో వేలకొలది రోగుల కీ శస్త్రము జరిగినది. కొందఱు నెమ్మదించిరి, పెక్కుమందిలో జొరవయు, ఆలోచనయు నారిపోయినవి. రోగమువలన నప్పటికే సన్నగిల్లిన మార్గమునే వైద్యుడు కత్తితో గోసినట్లయినది. రోగి కేకలు మాన్పుటయే గుఱి యైనప్పుడు రోగి బుద్ధి యెవరికిని లెక్కకు రాదనుటకు నింతకంటె గొప్ప సాక్ష్యము మాకు గనబడదు.

1952లో పారిస్ నగరపు సెంట్ ఆన్ ఆసుపత్రియందు జాన్ డిలే, పియేర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ మందు నుపయోగించి, కత్తి లేకయే భ్రమల నణపవచ్చునని చూపిరి. ఈ మందులు పనిచేయు తీరు దెలియుటలో మన దేశపు మూలికకు గూడ భాగము కలదు. సర్పగంధి వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును బనికివచ్చునని 1931లో గలకత్తాకు జెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రిసర్పిన్‌తో గుందేళ్లను స్తబ్ధములుగావించి, డోపమైన్‌గా మాఱు ద్రవ్యము నిచ్చి వానిని దిరిగి లేపెను. మెదడులో డోపమైన్ యొక్క పని యట్లు తెలిసినది. 1963లో నాయన క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు ఆ డోపమైన్ ప్రభావమునే యడ్డుచున్నవని సూచించెను. 2000 సంవత్సరమున నాయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ మందులు చేసిన మేలు గొప్పది. పెక్కుదేశములలో జీవితాంతము ఆసుపత్రి గోడలలో మ్రగ్గవలసినవారు ఇండ్లకు దిరిగి రాగలిగిరి. ఐనను దీనివలన నొక మఱపు కలిగినది. మందు దేనిని మాన్పునో అదియే రోగమని వైద్యలోకము తలచినది. ధ్వనులు, భ్రమలు తగ్గినచో రోగి కుదిరినట్లే వ్రాసికొనిరి. ఇంటికి వచ్చిన రోగి యుద్యోగమున నిలువలేక, లెక్కలు చూడలేక, సంభాషణ సాగింపలేక కూర్చుండిన నది మందుల మత్తనియో, ఆసుపత్రివాసపు ఫలమనియో, సోమరితనమనియో చెప్పిరి. క్రెపెలిన్ మొదటనే చూచిన లక్షణ మిట్లు మఱుగున బడినది.

అది తిరిగి బయటపడుటకు బ్రతికియున్నవారి మెదడును జూడగల యంత్రములు రావలసివచ్చినది. 1974లో స్వీడనుయందలి లుండ్ నగరమున ఇంగ్వార్, ఫ్రాన్‌జెన్ అనువారు దీర్ఘరోగుల మెదడులో రక్తప్రసారమును గొలిచి, ముందుభాగమున నది తక్కువగా నున్నదని కనుగొనిరి. 1976లో లండనుచెంత నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో మొదలగువారు దీర్ఘకాలము ఆసుపత్రులలో నున్న 17గురు రోగులకు క్రొత్తగా వచ్చిన సీటీ యంత్రముతో బరీక్ష చేసిరి. మెదడులోపల నీరుండు గదులు రోగులలో బెద్దవై కనబడెను. ఆ పెద్దతనము బుద్ధిపరీక్షలలోని లోపముతో సంబంధించియుండుట మఱింత గమనింపదగినది. ఆల్‌జైమర్ నేర్పునకు జిక్కని గుఱుతుయొక్క నీడ యిచ్చట మొదట గనబడినది.

పదేండ్లకు, 1986లో, అమెరికాలో డేనియల్ వైన్‌బర్గర్, కేరెన్ బెర్మన్ మొదలగువారు మఱియొక యడుగు వేసిరి. వారు కాగితపు ముక్కల యాట వంటి యొక పరీక్షను గైకొనిరి. ముక్కలపై బొమ్మలుండును, వానిని రంగునుబట్టియో, ఆకారమునుబట్టియో, సంఖ్యనుబట్టియో జతపఱుపవలెను. ఏది నియమమో చెప్పరు. ఒప్పు, తప్పు అని మాత్రము చెప్పుదురు. నియమము పట్టుబడగనే చెప్పకయే దానిని మార్చుదురు. ఆరోగ్యవంతుడు కొన్ని తప్పులతో సర్దుకొనును. రోగులలో బలువురు పాత నియమమును విడువలేరు. ఈ పని చేయునపుడు ఆరోగ్యవంతుల మెదడు ముందుభాగపు పార్శ్వమున రక్తము హెచ్చుగా బాఱెను. మందులు మానియున్న రోగులలో నట్లు హెచ్చలేదు. మందు మత్తే యీ లోపమునకు గారణమన్న వాదము దీనితో బలహీనమైనది.

మఱి యాచోట నాడీకణములు చేయు పని యేమి? ఈ ప్రశ్నకు బ్రత్యుత్తరము తిరిగి కోతులనుండియే వచ్చినది. 1971లో అమెరికాలో వోకిన్ ఫుస్టర్, జపానులో కుబొటా, నికి అను శోధకులు వేఱువేఱుగా నొక వింత కనుగొనిరి. జేకబ్‌సన్ తెర దించినట్టి యెడములోనే, చూచుటకేమియు లేనప్పుడు, ముందుభాగపు గొన్ని నాడీకణములు ఆగక స్పందించుచుండెను. యేల్‌లోని పెట్రీషియా గోల్డ్‌మన్ రాకిక్ తన సహచరులతో 1989లో దీనిని మఱింత సూక్ష్మముగా జూపెను: ఒక్కొక్క కణము ఒక్కొక్క దిక్కును జ్ఞాపకముంచుకొనును, దాని స్పందనము నడుమ సడలినప్పుడే కోతి తప్పు చేయును. 1992లో సోహీ పార్క్, ఫిలిప్ హోల్జ్‌మన్ అనువారు ఇట్టి పరీక్షనే స్కిజోఫ్రీనియా రోగులకు బెట్టిరి. చుక్క కంటియెదుట నున్నంతవఱకు రోగికి లోపము లేదు. చుక్క మాయమై కొన్ని క్షణములు గడచిన పిమ్మట దాని చోటు చూపుమన్నప్పుడే లోపము కనబడెను.

వంట చేయుచు దరువాతి పని తలచుకొనుట, వాక్యము చివరకు వచ్చువఱకు మొదలు పట్టియుంచుట, చిల్లర లెక్కించుట, ఇవియన్నియు నీ చిన్న శక్తిమీదనే నిలుచునవి. నాడీకణములు ఒకదాని నొకటి రేపుకొనుచు నా జ్ఞాపకమును వెలుగుచుండునట్లు చేయును. వాని నడుమ వేఱొక జాతి కణము లుండును. అవి తాళము వేయువాని పని చేయును. వీని యడ్డుచేత కణములన్నియు నొక లయలో, సెకండునకు సుమారు 30 మొదలు 80 మార్లు, కలిసి స్పందించును. పిట్స్‌బర్గ్ నగరమున డేవిడ్ లూయిస్ మొదలగువారు మృతులైన రోగుల మెదడులను బరిశీలించి 2000 సంవత్సరమున రెండు సంగతులు ప్రకటించిరి: ఈ తాళపు గణములలో గొన్నింట అడ్డుద్రవ్యమును జేయు శక్తి తగ్గియున్నది, రేపు కణముల కొమ్మలపై నితర కణముల వార్త నందుకొను చిన్న మొటికలు తక్కువగా నున్నవి. లయ తప్పిన భజనలో బాడువారందఱు నుందురు, పాట మాత్రము కుదరదు.

లోప మొక్క ముందుభాగముననే యున్నదని చెప్పరాదు. మెదడు నడుమనున్న థలమస్ నుండి ముందుభాగమునకు బోవు సంబంధము సన్నగిల్లుటయు, శరీరచలనములకు సంబంధించిన భాగములతో నది బిగియుటయు 2012 నాటి చిత్రపరీక్షలలో గనబడినవి. నాన్సీ ఆండ్రియాసెన్ అను విదుషీమణి అంతకు ముందే, 1990వ దశకమున, చిన్నమెదడు, థలమస్, ముందుభాగము ఈ మూడును గలిసిన చక్రమున సమన్వయము తప్పుటయే మూలమని వాదించెను. 1994లో యేల్‌లో ఆరోగ్యవంతులకు గెటమైన్ మందు నల్పమాత్రగా నిచ్చి చూడగా, గ్లుటమేట్ అను ద్రవ్యపు మార్గమున నది యడ్డుపడి, కొంతసేపు భ్రమలను మాత్రమే కాక బుద్ధిలోపమును గూడ గలిగించెను. డోపమైన్ ఒక్కటే కథ కాదని దీనిచే దెలిసినది.

ఈ లోప మెప్పుడు మొదలగును? బ్రిటనులో 1946 మార్చి నెలలో నొక వారమున బుట్టిన శిశువులను వేలకొలదిగా గుర్తించి, వారి యెదుగుదలను వ్రాసియుంచుచు వచ్చిరి. వారిలో 30 మందికి దరువాత స్కిజోఫ్రీనియా వచ్చినది. 1994లో పాత దస్త్రములు తిరుగవేయగా, ఆ 30 మంది నడక నేర్చుట సగటున గొంత యాలస్యముగా జరిగినదనియు, చిన్నతనపు బరీక్షలలో వారి మార్కులు సగటున గొంత తక్కువనియు దెలిసినది. మెదడు యౌవనారంభమున నక్కఱలేని నాడీసంధులను గత్తిరించుకొనును. ఆ కత్తిరింపు మితిమీఱుటచేత నీ వ్యాధి రావచ్చునని ఫైన్‌బర్గ్ 1982లో నూహించెను. 2016లో, ఇట్టి సంధులను దొలగించుటకు గుఱుతుపెట్టు నొక జన్యువునకును వ్యాధికిని సంబంధము కనబడి, ఆ యూహకు బలము చేకూరినది.

ఇచ్చట నొక హెచ్చరిక చేయుట మా విధి. ఇవియన్నియు సమూహముల సగటులు. ఒక్క రోగి మెదడు చిత్రము చూచి వ్యాధి కలదు, లేదు అని చెప్పుట నేటికిని సాధ్యము కాదు. మంచి బుద్ధిబలముతో నున్న రోగులును గలరు. అట్లే యీ లోపము వార్ధక్యవ్యాధివలె నానాటికి గ్రుంగిపోవునది కాదు. మొదట గొంత తగ్గి, పిమ్మట బెక్కుమందిలో జాలకాలము నిలుకడగా నుండును. "క్షయము" అన్న పాత శాపమును శాస్త్రమే యిట్లు వెనుకకు దీసికొన్నది.

1996లో మైకేల్ గ్రీన్ అప్పటి పరిశోధనలను సమీక్షించి, రోగి తన బ్రతుకు తాను బ్రతుకగలుగుట భ్రమలకంటె నీ బుద్ధిశక్తులమీదనే హెచ్చుగా నాధారపడియున్నదని చూపెను. అమెరికా ప్రభుత్వసంస్థ పూనికచే నీ శక్తులను 7 తెగలుగా విభజించి కొలుచు పద్ధతి యేర్పడినది. ఐనను వీనిని బాగుచేయు మందు చిక్కలేదు. 2024లో అమెరికాలో డోపమైన్‌ను నేరుగా నడ్డని క్రొత్త జాతి మందొకటి యీ వ్యాధికి అనుమతి పొందినది. అదియు బుద్ధిలోపమునకని యిచ్చినది కాదు. గ్లుటమేట్ మార్గమున బనిచేయునని యెంతో యాశపెట్టిన మఱియొక మందు పెద్ద పరీక్షలలో నెగ్గలేదని 2025లో దేలినది. నేటివఱకు గొంత ఫలమిచ్చుచున్నది అభ్యాసమే: జ్ఞాపకమును, ఏకాగ్రతను గ్రమముగా సాధనచేయించి, దానికి దోడు నిజమైన పని యొకటి చేయుటకు బ్రక్కన నిలిచి సాయపడుట. ఫలము మితమైనదే, ఐనను నిజమైనది.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దొక్కటి: రోగమును మనమేమని తలతుమో, రోగి నట్లే చూతుము. దయ్యమన్నచోట సంకెల వచ్చును. 2001 ఆగస్టు 6వ తేదీన దమిళనాటి ఏర్వాడిలో గొలుసులతో గట్టబడియున్న మనోరోగులు 28 మంది మంటలలో జిక్కి మరణించిరి. మన దేశపు 2017 నాటి చట్టము రోగిని సంకెలలో నుంచుట నిషేధించినది. ఇనుపసంకెలను చట్టము తీయగలదు. కాని "సోమరి" యన్న మాటసంకెలను దీయవలసినవారు ఇంటివారే. కుంటివానిని బరుగెత్తలేదని యెవరును దిట్టరు. తలపును నిలుపుకొను మార్గము సన్నగిల్లినవానికి మూడు పనులొక్కమాఱు చెప్పి, రెండు మఱచెనని తిట్టుటయు నట్టిదే. ఒక్కమాటున నొక్క పనియే చెప్పుడు. చెప్పినది కాగితముమీద వ్రాసి కంటియెదుట బెట్టుడు. పనికి, భోజనమునకు, మందునకు వేళ లేర్పఱుపుడు. బదులు చెప్పుటకు సావకాశ మిండు. వైద్యునికడకు బోయినప్పుడు భ్రమలను గూర్చియే కాక, "చదువు సాగుచున్నదా, లెక్క నిలుచుచున్నదా" యను సంగతియు జెప్పుడు. మెదడులోని మార్గములను సరిచేయు విద్య యింకను బూర్తిగా రాలేదు. అది వచ్చువఱకు నా సన్నని మార్గముపై మోయలేని బరువు పెట్టకుండుట మన చేతిలోనే యున్నది.